మూడో రౌండులో నవ్వు

మిర్యాలగూడలో ఆ రోజు నేను రింగుకు అంత దగ్గరగా కూర్చోవడానికి కారణం జ్వరం. జ్వరం నాకు కాదు, మా పత్రికకు అక్కడి వార్తలు రాసే యువ విలేకరికి. నేను డెస్కు పని వదిలి చాలా కాలమైంది. వారానికొక వ్యాసం పంపడం తప్ప రోజువారీ వార్తలతో నాకిప్పుడు సంబంధం లేదు. అయినా ఆ అబ్బాయి ఫోన్ చేసి, "మీరు ఎట్లాగూ పోతున్నరట గదా సార్, నాలుగు ముక్కలు రాసియ్యుండ్రి" అంటే కాదనలేకపోయాను. పోతున్న మాట నిజమే. సూర్యాపేటలో మా ఇంటి పైపోర్షన్‌లో కిరాయికి ఉండే పిల్లవాడు ఆ రోజు ఉమ్మడి జిల్లా బాక్సింగ్ ఫైనల్ ఆడుతున్నాడు.

పిల్లవాడు అంటున్నాను గానీ పాతికేళ్లు దాటినవాడే. సొంతూరు ఆత్మకూర్ (ఎస్) పక్కన ఒక పల్లె. సూర్యాపేటలో ఓ ప్రైవేటు బడిలో పీఈటీ. పొద్దున కాలేజీ గ్రౌండులో తన సాధన, పగలంతా బడి పిల్లలతో డ్రిల్లు, సాయంత్రం మళ్లీ గ్రౌండు. నా భార్య ఏదైనా వండి పైకి పంపితే మూత తీసి ఒకసారి వాసన చూసుకుని, మళ్లీ మూసి కిందికి తెచ్చేవాడు.

"బరువు సూస్తరమ్మా. పోటీ అయినంక తింట, దాసిపెట్టుండ్రి."

"గారెలు దాస్తే రాళ్లయితయి బిడ్డా" అనేది ఆమె.

"రాళ్లయినా తింట. దాసుండ్రి."

ఫైనల్లో ఎదురుగా నిలబడినవాడు మిర్యాలగూడ కుర్రాడే. రైస్ మిల్లులో పని. మనవాడి కంటే రెండు మూడేళ్లు చిన్న. బస్తాలు మోసిన మెడ భుజాల్లో కలిసిపోయి ఉంది. ఎడమచేతి వాటం. అంతకుముందు సెమీఫైనల్లో అతను ఎడమచేత్తో కొట్టిన ఒకే దెబ్బకు అవతలి మనిషి కూర్చుండిపోయి, తనను ఎవరైనా లేపుతారేమోనని చుట్టూ చూడటం నా కళ్లారా చూశాను.

మొదటి రెండు రౌండ్లు మావాడివే. కొట్టడం, జరగడం, మళ్లీ కొట్టడం. ఆ ఎడమచేయి వచ్చే దారిలో ఒక్క క్షణం కూడా నిలబడలేదు. మూడో రౌండు సగంలో నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో నాకు తెలియదు. దెబ్బ కణత మీద పడింది. చెట్టు కూలినట్టు కాదు, బట్ట జారినట్టు పడ్డాడు. రిఫరీ వేళ్లు చూపిస్తూ లెక్కపెడుతున్నాడు. లెక్క పూర్తి కాకముందే తాడు పట్టుకుని లేచాడు. లేచి, ఎదురుగా ఉన్నవాణ్ణి చూసి నవ్వాడు.

ఆ నవ్వుకు హాలు మొత్తం లేచి నిలబడింది. మా సూర్యాపేట నుంచి వచ్చినవాళ్లు కుర్చీలెక్కారు. మిర్యాలగూడ కుర్రాడి ముఖంలో ఏదో ఆరిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది. ఆ తర్వాత అతను ముందుకు వచ్చాడే గానీ ఆ ఎడమచేయి మాత్రం రాలేదు. గంట కొట్టారు. పాయింట్ల మీద మావాడు గెలిచాడు.

నేను చూసింది చూసినట్టు రాసి పంపాను. మర్నాడు జిల్లా పేజీలో శీర్షిక "నవ్వుతూ లేచాడు" అని వచ్చింది. అది డెస్కువాళ్లు పెట్టింది. మంచి శీర్షికే. నేను డెస్కులో ఉన్నా అదే పెట్టేవాణ్ణి. ఫోన్లలో వీడియో అంతకంటే ముందే ఊరు చుట్టింది. టీ బండి దగ్గర, మంగలి షాపులో, బడి గేటు ముందు ఎక్కడ చూసినా ఆ నవ్వే. మా వీధి టీ బండి ఆయన ఆ వారమంతా మావాడికి చక్కెర లేని చాయ్ పోసిచ్చి, "ఏది, జర ఒక్కసారి నవ్వు" అని అడిగేవాడు.

ఆ గెలుపుతో వచ్చింది ఒక చోటు. రాష్ట్ర పోటీలకు మా ఉమ్మడి జిల్లా నుంచి ఆ బరువులో వెళ్లేది ఒక్కరే. రాష్ట్రంలో పతకం వస్తే స్పోర్ట్స్ కోటాలో సర్కారు బడి ఉద్యోగానికి దారి దొరుకుతుందని మావాడి ఆశ. ప్రైవేటు బడిలో పీఈటీ అంటే డ్రిల్లుతో పాటు బస్సులో పిల్లల్ని ఎక్కించడం, దించడం, యాన్యువల్ డేకి కుర్చీలు వేయించడం కూడా. ఆ చోటు అతనికి ఎంత ముఖ్యమో మా ఇంట్లో అందరికీ తెలుసు.

దసరా వెళ్లిన కొన్నాళ్లకు బడి పిల్లాడొకడు ఫోన్లో ఒక ఫొటో చూపించాడట. "సార్, మీ మ్యాచ్ ఉన్నదంట గదా కోదాడల!"

అది కోదాడ బైపాస్ దగ్గర కట్టిన ఫ్లెక్సీ. స్థానిక నాయకుడొకాయన పుట్టినరోజు. పైన ఆయన చేతులు జోడించి ఉన్నాడు. కింద మావాడి నవ్వు ముఖం, దాని ఎదురుగా మిర్యాలగూడ కుర్రాడి ఎడమ పిడికిలి. "నవ్వుల వీరుడు, ఎడమచేతి పిడుగు మళ్లీ తలపడుతున్నారు, తరలిరండి" అని రాసి ఉంది. తేదీ, వేదిక అన్నీ ఉన్నాయి. మా వైపు పద్ధతే అంత. ముందు ఫ్లెక్సీ పడుతుంది. అందులో ఉన్నవాళ్లను అడగడం తర్వాతి పని. ఫ్లెక్సీ పడ్డాక కాదనే మనిషి ఉంటాడని ఎవరికీ తోచదు.

సాయంత్రం డాబా మీదికి వెళ్లాను. చేతులకు చుట్టుకునే పట్టీలు ఉతికి తీగ మీద ఆరేస్తున్నాడు.

"ఒప్పుకున్నావా?" అని అడిగాను.

"ఎవలడిగిండ్రు సార్, ఒప్పుకోను?"

"అడిగితే?"

"అడిగినా ఆడను."

పట్టీ చివర తడి పిండి, మడత సరిచేసి, క్లిప్పు పెట్టాడు.  అప్పుడు అన్నాడు.

"సార్, మీరు పేపర్ల రాసిండ్రు గదా, నవ్వుకుంట లేసిన అని. నేను నిజంగ నవ్విన్నా?"

"అందరం చూశాం గదా. వీడియో ఉంది."

"వీడియో సూసిన. గాడ ఉన్నది నేనే. గని నాకు యాదికి లేదు. రెండో రౌండు అయినంక నీళ్లు పుక్కిలించి ఊసింది యాదికున్నది. దాని తర్వాత రిఫరీ నా చెయ్యి లేపింది యాదికున్నది. నడుమ ఏం లేదు. మూడో రౌండు ఎట్ల ఆడిన్నో మీరు రాసింది చదివి తెల్సుకున్న."

నేను పిట్టగోడ మీద కూర్చున్నాను. ఎన్నో పోటీల గురించి రాశాను. నేను రాసింది చదివి తన ఆట తాను తెలుసుకున్న మనిషిని అంతకుముందు చూడలేదు.

ఎవరికీ చెప్పకుండా హైదరాబాద్ వెళ్లి పెద్ద దవాఖానలో చూపించుకున్నాడట. తల స్కాన్‌లో ఏమీ లేదన్నారు. కానీ డాక్టరు గట్టిగా చెప్పాడు, కొన్ని నెలలు తలకు దెబ్బ తగలకూడదని. మొదటి దెబ్బ లోపల మానకముందే రెండోది పడితే మనిషికే ప్రమాదమని.

"కోచ్‌కు చెప్పావా?"

తల అడ్డంగా ఊపాడు. "చెప్తే స్టేట్ ఖతం సార్. తెలివి తప్పినట్టు రాసిండ్రంటే రెస్టుల పెడ్తరు. డాక్టర్ కాయితం దాకా గ్లోవ్స్ ముట్టనియ్యరు. నా చోటు రెండో స్థానంల ఉన్నోనికి పోతది."

రెండో స్థానంలో ఉన్నది మిర్యాలగూడ కుర్రాడే.

అతని లెక్క అతనికుంది. డాక్టరు చెప్పిన గడువూ రాష్ట్ర పోటీలూ దాదాపు ఒకేసారి వస్తాయి. అప్పటిదాకా భుజం నొప్పి అని చెప్పి, తలకు దెబ్బ తగిలే సాధన తప్పించుకుంటాడు. పరుగు, తాడాట, బస్కీలు. ఎవరికీ అనుమానం రాకుండా ఆ గడువు దాటేస్తే చాలు. ఆ దారిలో ఇప్పుడు కోదాడ వచ్చి పడింది. అదీ ఆ ఎడమచేతితోనే.

"ఇది పేపర్ల రాయకుండ్రి సార్."

"రాయను. కానీ కోచ్‌కు చెప్పు."

"సూస్త" అన్నాడు. చెప్పడని నాకు అర్థమైంది.

ఆదివారం ఇద్దరం కోదాడ బస్సెక్కాం. ఫోన్లో చెప్తే సరిపోతుందన్నాను. "ఫోన్ల చెప్తే నేను ఒప్పుకున్ననని ఇంగో ఫ్లెక్సీ ఏస్తరు" అన్నాడు. అదీ నిజమే.

పోటీ పెడుతున్నాయన నాయకుడి మనిషి, టెంట్ హౌస్ యజమాని. షాపు వెనక గోడౌన్లో షామియానా గుడ్డలు, వంట గుండిగలు, పెళ్లికొడుకు కూర్చునే సింహాసనాలు. మమ్మల్ని చూడగానే చేతులు చాచి వచ్చాడు.

"రండి గురువు గారూ! రా తమ్ముడూ! ఫొటోలో కన్నా ఎదురుగా బాగున్నావే. ఏరా, కూల్‌డ్రింకులు తీసుకురండి! చూశారా ఫ్లెక్సీ? ఎట్టా ఉంది?"

"మంచిగున్నదన్నా. నేను ఆడనని చెప్పనీకి వచ్చిన."

ఆయన నవ్వాడు. ఇది బేరంలో మొదటి మాట అనుకున్నాడు. "రింగు గురించేగా? మన సొంత సరుకు. ఇటు రా, చూపిస్తా."

గోడౌన్ మధ్యలో పెళ్లి వేదికలకు వేసే చెక్క బల్లలు ఇనప స్టాండ్ల మీద పరిచి ఉన్నాయి. పైన ఎర్ర కార్పెట్. నాలుగు మూలలా నాలుగు పందిరి గుంజలు, వాటికి వెల్వెట్ గుడ్డ చుట్టిన తాళ్లు. ఒక మూల నుంచి బంతిపూల దండ ఇంకా వేలాడుతోంది.

మావాడు మోకాళ్ల మీద కూర్చుని కార్పెట్ ఎత్తి వేళ్ల కణుపులతో బల్ల మీద తట్టాడు. చప్పుడు గోడౌనంతా వినిపించింది.

"దీని మీద పడితే ఎట్లన్నా?"

"పడకుండా ఆడాలి మరి! ఛాంపియన్ నువ్వే అడిగితే ఎట్టా?" అని ఆయన నా వైపు తిరిగాడు. "మీరన్నా చెప్పండి గురువు గారూ. పోనీ ఉత్తుత్తిగా ఆడండి. జనానికి నాలుగు చప్పుళ్లు వినపడితే చాలు."

"గా పిలగానికి ఉత్తుత్తిగ కొట్టుడు రాదన్నా" అన్నాడు మావాడు.

"ఏం మాట్లాడతావయ్యా! అతను ఎంత ఉషారుగా ఉన్నాడో తెలుసా? నువ్వు సవాలు చేశావని చెప్పగానే ఎగిరి గంతేశాడు."

"నేనెప్పుడు సవాల్ చేసిన?"

ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు. "అంటే... మాట వరసకి. అతనికేమో నువ్వు సవాలు చేశావని చెప్పాం. నీకేమో అతను చేశాడని చెప్దామనుకున్నాం. ఇంతలో నువ్వే వచ్చేశావ్."

అంత నిజాయితీకి నాకు నవ్వొచ్చింది. మావాడికి రాలేదు. లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

"ఆడనన్నా. నా ఫొటో తీసెయ్యుండ్రి."

"ఫ్లెక్సీ పడ్డాక తీస్తే మా నాయకుడి పరువేం గాను? జనానికి ఏమని చెప్పమంటావ్?"

"భయపడ్డడని చెప్పుండ్రి."

టెంట్ హౌస్ ఆయన కార్పెట్ అంచు సరిచేయడం మొదలుపెట్టాడు. ఇరవై రకాల సాకులకు సమాధానాలు సిద్ధం చేసుకుని ఉంటాడు. ఈ మాట మాత్రం ఆ లెక్కలో లేదు. కూల్‌డ్రింకులు వచ్చేసరికి మేం రోడ్డు మీద ఉన్నాం.

తిరుగు బస్సులో సగం దారి దాకా టికెట్టు మడతపెడుతూ కూర్చున్నాడు. తర్వాత అతనే అన్నాడు, "అబద్ధం చెప్పలె సార్. భయమే గదా." కిటికీ వైపు తిరిగి నిద్రపోయాడు. నిజంగానే నిద్రపోయాడు, దిగేదాకా.

టెంట్ హౌస్ ఆయన, మావాడు చెప్పమన్నట్టే, భయపడ్డాడని చెప్పాడు. ఫ్లెక్సీ మీద మావాడి ముఖానికి అడ్డంగా తెల్ల కాగితం అంటించారు. మరుసటి రోజుకే ఆ ఫొటో సూర్యాపేటలో ఫోన్ ఫోనుకూ చేరింది. పుట్టినరోజు నాడు బాక్సింగ్ బదులు కబడ్డీ పెట్టారు. కబడ్డీ అయ్యాక మైకులో మావాడి మీద జోకులు వేశారని విన్నాను.

ఆ రోజుల్లో నేను గమనించింది ఏమిటంటే, ఊరు ఓడిపోయినవాణ్ణి క్షమిస్తుంది గానీ ఆడనన్నవాణ్ణి క్షమించదు. టీ బండి ఆయన మావాడికి చాయ్ పోసిచ్చాడు, నవ్వమని అడగలేదు. పక్కన కూర్చున్నవాళ్లు అతనికి వినపడేలా, "మీసం ఉంచుకునుడు ఎందుకు మరి?" అనుకున్నారు. బడి కరస్పాండెంట్ పిలిచి, అడ్మిషన్ల టైములో నీ ఫొటో పాంప్లెట్ మీద వేద్దామనుకున్నాం, ఇప్పుడు ఎట్లా అని అడిగాడట. డ్రిల్లు క్లాసులో వెనక వరస నుంచి ఒక గొంతు, "సార్, నవ్వు యాడ పారేసుకున్నరు?" అంది.

"గ్రౌండుల పారేసిన. పదుండ్రి, అందరం ఎతుకుదాం" అని క్లాసు మొత్తాన్నీ గ్రౌండు చుట్టూ ఉరికించాడట. తానూ వాళ్లతో ఉరికాడు. ఆ సంగతి చెబుతున్నప్పుడు నవ్వాడు. ఇది అతని సొంత నవ్వు, పై పెదవి కొంచెం ఎడమకు లాగినట్టు ఉంటుంది. వీడియోలోది అట్లా ఉండదని నాకప్పుడు తట్టింది.

అన్నిటినీ పంటి బిగువున భరించాడు. పొద్దున్నే లేచేవాడు, పరుగెత్తేవాడు, తాడాడేవాడు. గ్రౌండులో కోచ్ పక్కనే ఉండేవాడు. ఆయన మిలిటరీలో చేసి వచ్చిన మనిషి, అందరూ హవల్దార్ సార్ అంటారు. ఎక్కువ మాట్లాడడు. శిష్యుడు భుజం నొప్పి అంటే నమ్మాడు. కోదాడలో ఆడనంటే మంచి పని చేసినవన్నాడు. టెంట్ హౌస్ రింగుల మీద ఆయనకు గౌరవం లేదు.

రాష్ట్ర పోటీలు దగ్గర పడుతున్నాయి. మావాడు అనుకున్నట్టే అంతా జరుగుతోంది. ఒక పొద్దున నేను గ్రౌండులో నడక ముగించి మెట్ల మీద కూర్చుని ఉండగా, బైకు మీద మిర్యాలగూడ కుర్రాడు వచ్చాడు.

బైకు గేటు దగ్గరే ఆపి నడిచి వచ్చాడు. తాడాట ఆడుతున్న మావాడు ఆపలేదు. నాలుగడుగుల దూరంలో హవల్దార్ సార్ ఇసుక బస్తా గొలుసు బిగిస్తున్నాడు. కుర్రాడు ముందు ఆయనకు నమస్కారం పెట్టాడు, నాకు పెట్టాడు, అప్పుడు మావాడి ముందు నిలబడ్డాడు.

"అన్నా."

తాడు ఆగింది.

"నువ్వు భయపడ్డవని కోదాడోళ్లు చెప్పిండ్రు. నేను నమ్మలె."

"నిజమే చెప్పిండ్రు తమ్మీ."

"అబద్ధం. నేను కొడితే పడి, లేసి, నన్ను సూసి నవ్వినోనికి భయమేంది? నీతోటి ఆడేటంత సత్తా నాకు లేదనుకుంటున్నవ్. గదే గదా? సక్కగ చెప్పు, పోత."

మావాడు తాడు మడుస్తున్నాడు.

కుర్రాడి గొంతు తగ్గింది. "అన్నా, నా ఎడమ చెయ్యి సక్కగ పడ్డోడు ఎవడూ లేవలె ఇంతవరకు. నా దగ్గర ఉన్నదే గదొక్కటి. నువ్వు లేసి నవ్వినవ్. గా నవ్వు సూసినంక నా చెయ్యి లేస్తలేదు. మిల్లుల బస్తా ఎత్తబోతే గూడ గదే యాదికొస్తది. గీ చెయ్యిల ఏం లేదు, ఇన్నొద్దులు పిచ్చోని లెక్క మురిసిన అనిపిస్తది. గ్లోవ్స్ ఎవలికన్న ఇచ్చేద్దామనుకుంటున్న. ఇచ్చే ముందు ఒక్కసారి నిన్ను అడుగుదామని వచ్చిన."

మావాడు మనసులో ఏం తూచుకుంటున్నాడో అక్కడ నాకొక్కడికే తెలుసు. నాలుగడుగుల దూరంలో కోచ్ ఉన్నాడు. అవును తమ్మీ, నాతోటి ఆడేటంత సత్తా నీకు లేదు అంటే చాలు. లేదా ఏమీ అనకుండా మళ్లీ తాడు అందుకున్నా చాలు. ఈ కుర్రాడు గ్లోవ్స్ ఎవరికో ఇచ్చేస్తాడు. ఆ ఎడమచేయి అతని దారిలోంచి శాశ్వతంగా తప్పుకుంటుంది. రాష్ట్రానికి పోయే చోటు భద్రంగా ఉంటుంది. ఇంత అనుకూలమైన సమయం ఏ ఛాంపియన్‌కూ దొరకదు. గొలుసు చప్పుడు ఆగింది. హవల్దార్ సార్ మా వైపు చూస్తున్నాడు.

"కూసో" అన్నాడు మావాడు. కుర్రాడు కూర్చోలేదు. అతను మాత్రం గడ్డిలో కూర్చుని, తల పైకెత్తి చెప్పాడు.

"తమ్మీ, గా నవ్వు సంగతి నాకే తెల్వదు. నువ్వు కొట్టినంక ఏమైందో నాకు యాదికి లేదు. లేసింది లేదు, నవ్వింది లేదు, గంట కొట్టింది లేదు. రిఫరీ చెయ్యి లేపితే ఎవలు గెల్సిండ్రని ఆయన్నే అడుగుదామనుకున్న. హైదరాబాద్ దవాఖానకు పోయిన. ఇంగో దెబ్బ పడొద్దన్నరు. నీ చెయ్యికి ఏం కాలె. నన్ను పడగొట్టింది గదే. అందుకే ఆడతలేను."

కుర్రాడు అతని ముఖంలోకి చూశాడు. నమ్మాలో వద్దో తెలియలేదనుకుంటాను. తర్వాత గడ్డిలో ఎదురుగా కూర్చున్నాడు.

"ఇప్పుడెట్లున్నదన్నా తలకాయ?"

"మంచిగనే ఉన్నది. ఎండల జర నొస్తది."

"మా మిల్లుల ఒకాయనకు బస్తా పడితే గట్లనే నొచ్చేది. ఎండల తిరగకు."

అప్పటికి హవల్దార్ సార్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయన చేతిలో గొలుసు బిగించే పానా ఇంకా ఉంది.

"భుజం నొప్పి అన్నవ్."

"అవు సార్."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే స్టేట్‌కు పంపరు గదా సార్."

"పంపను" అన్నాడు ఆయన. గొంతు పెంచలేదు. "ఇప్పుడు గూడ పంపను. నీ భుజం తగ్గిందనుకొని రేపటి నుంచి గ్లోవ్స్ తొడిగి రింగుల దింపుదామనుకున్న. నా చెయ్యితోటే కొట్టేటోణ్ణి నిన్ను. తెల్సా? నా చెయ్యితోటి!"  పానా గడ్డిలో పడేసి అటు తిరిగాడు.

మావాడు లేచాడు. ఫోన్ తీశాడు. నేను చేస్తానని కోచ్ చేయి చాపితే, "నా సంగతి, నేనే చెప్త సార్" అన్నాడు. బాక్సింగ్ సంఘం కార్యదర్శితో నిలబడి మాట్లాడాడు. ఎట్లా పడ్డాడు, ఏమి గుర్తులేదు, దవాఖానలో ఏం చెప్పారు అన్నీ చెప్పాడు. అవతలివాళ్లు రెండుసార్లు అడిగినట్టున్నారు, రెండుసార్లూ ఒకే మాట చెప్పాడు. "అవును సార్, నేను పోతలేను. రెండో స్థానం పిలగాన్ని పంపుండ్రి. ఈడనే ఉన్నడు."

ఫోన్ జేబులో పెట్టుకునేసరికి కుర్రాడు లేచి నిలబడి ఉన్నాడు.

"నాకు గిట్ల వద్దన్నా."

"నేను ఇస్తలేను. రూల్ ఇస్తున్నది. ఫో, ఆడిరా."

"నిన్ను కొట్టి తీస్కుంటే అదొక తీరు."

"కొడుదువు తియ్. వచ్చే సెలక్షన్ల నువ్వుంటవ్, నేనుంట. అప్పటిదాకా నువ్వు గ్లోవ్స్ ఎవలికన్న ఇచ్చినవంటే మాత్రం మిర్యాలగూడకు వచ్చి తంత."

ఆ కుర్రాడు మొదటిసారి నవ్వాడు. బైకు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, "ఎండల తిరగకన్నా" అని చెప్పి వెళ్లాడు.

సాయంత్రం మావాడు మా ఇంట్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నా భార్య ఏమీ అడగకుండా అన్నం పెట్టింది. చాలా నెలల తర్వాత మూత తీసిన గిన్నె తిరిగి మూయలేదు. తింటూ అన్నాడు, "ఇగ రాయుండ్రి సార్. నవ్వు సంగతి గూడ రాయుండ్రి."

"అది రాయకపోయినా ఫరవాలేదు. వైద్య కారణాలు అంటే సరిపోతుంది."

"సరిపోదు సార్. బడిల పిలగాండ్లు గా వీడియో సూసి నేర్సుకుంటుండ్రు. మొన్నొకడు కబడ్డీల తల పగలగొట్టుకొని లేసి నవ్విండు. నా లెక్కనంట."

రాశాను. చిన్న వార్తే, లోపలి పేజీలో వచ్చింది. దానికి పెద్ద శీర్షికేమీ పెట్టలేదు. మెచ్చుకున్నవాళ్లు కొందరు. తమ చేతిలోంచి ఏదో లాక్కున్నట్టు చూసినవాళ్లు ఎక్కువ. టీ బండి ఆయన పేపరు మడిచి నా ముందు పెట్టి, "అంటే నవ్వలేదంటరా?" అని అడిగాడు. నవ్వాడు గానీ అతనికి తెలియదన్నాను. ఆయన పేపరు మళ్లీ తన వైపు లాక్కుని, "గిది రాయకుంటే ఏం పోయేది సార్" అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. ఆ వారం రోజులు ఆయన బండి దగ్గర ఎంత సందడో నాకు గుర్తుంది.

మిర్యాలగూడ కుర్రాడు రాష్ట్ర పోటీల్లో సెమీఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయి కాంస్యంతో వచ్చాడు. పతకం పట్టుకున్న ఫొటో మావాడికి పంపాడు. మావాడు దానికి బదులుగా ఒక మాట రాసి పంపాడు. "ఎడమ చెయ్యి కొట్టినంక కుడి చెయ్యి దించుతున్నవ్, సూస్కో." ఎందుకు చెప్పావు, రేపు నీకే పనికొచ్చే సంగతి గదా అన్నాను. "దించకుంటే గూడ కొట్టుడు నేర్సుకుంట సార్" అన్నాడు.

ఎండలో తల ఇంకా నొప్పి పెడుతుండటంతో డాక్టరు గడువు పెంచాడు, అతను ఆ నెలలన్నీ గ్లోవ్స్ ముట్టలేదు. ఈసారి భుజం నొప్పి లేదు, సాకు లేదు. గ్రౌండుకు మాత్రం ఒక్క పూట తప్పలేదు. కాళ్ల పని ఒక్కటే చేశాడు. సుద్దతో నేల మీద గీతలు గీసుకుని, ఎడమచేయి వచ్చే వైపు నుంచి తప్పుకోవడం, మళ్లీ తప్పుకోవడం. చూసేవాళ్లకు నాట్యం నేర్చుకుంటున్నట్టు ఉండేది. కాలేజీ కుర్రాళ్లు ఈలలు వేసేవారు. ఈలలకు తగ్గట్టు అడుగులు కలిపేవాడు. మీసం గురించి ఇంకా ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు. సంక్రాంతి పోయింది, పరీక్షలొచ్చాయి, బడి పాంప్లెట్ మీద ఎవరిదో వేరే ఫొటో వచ్చింది.

డాక్టరు ఇక ఆడవచ్చని కాగితం ఇచ్చింది పోయిన వారమే. కొత్త సెలక్షన్లు వానాకాలంలో, మళ్లీ మిర్యాలగూడలోనే అంటున్నారు.

నిన్న పొద్దున హవల్దార్ సార్ తానే గ్లోవ్స్ తొడుక్కున్నాడు. వేరేవాళ్లకు అప్పజెప్పలేదు. మావాడికి తలకు రక్షణగా హెడ్‌గార్డ్ పెట్టి, గడ్డం కింద పట్టీ తానే బిగించి, వేలు దూర్చి చూసి, విప్పి, మళ్లీ బిగించాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఆయన ఎడమచేయి లేపుతాడు, గాలిలో ఆపేస్తాడు. మళ్లీ లేపుతాడు, భుజం మీద తాకిస్తాడు.

"సార్, కొట్టుండ్రి."

"కొడ్తున్న."

"గిది కొట్టుడా? వచ్చేది మీరు గాదు సార్, గా పిలగాడు. తలకే కొట్టుండ్రి."

కాలేజీ కుర్రాళ్లు ఈలలు ఆపి చూస్తున్నారు. నేను మెట్ల మీంచి లేచి నిలబడ్డాను. హవల్దార్ సార్ పెదవి కొరుక్కుని ఒక్కటి వేశాడు. కణత మీద పడింది. గట్టిది కాదు, అట్లాగని ఉత్తుత్తిదీ కాదు. మావాడి తల పక్కకు పోయి తిరిగి వచ్చింది. ఆయన వెంటనే చేతులు దించి, దగ్గరికి వచ్చి, అతని కళ్లలోకి చూశాడు.

"ఇయ్యాల ఏ వారం?"

"ఆయితారం సార్" అన్నాడు మావాడు, గ్లోవ్స్ మళ్లీ ముఖం దాకా ఎత్తుతూ. "బడి లేదు. మస్తు టైమున్నది. కొట్టుండ్రి."